సంత పొద్దున లీటరు నూనె

మా ఇంట్లో పాత బండి ఎప్పుడూ పాడవదు. కొంచెం ఆగుతుంది, అంతే. పామేడు సంత నుంచి వస్తూ ఫ్యాను బెల్టు తెగి పొద్దంతా అడవిలో పడి ఉంటే అది ఆగడం. గేరు పడక వాగు నడుమ నిలిచిపోతే, పక్క ఊరి వాళ్ళు తాళ్ళు కట్టి లాగితే, అదీ ఆగడమే. ఇల్లు చేరాక మా ఆయన గోపీ మొహం కడుక్కుంటూ "ఏం కాలే, జరసేపు ఆగింది" అంటాడు. మా అత్తగారు సుశీలమ్మ తువ్వాలు అందిస్తూ "అది మనల్ని ఎన్నడు మోసం చెయ్యలే" అంటుంది. కోడలిగా ఈ గడప తొక్కిన నాటి నుంచి ఇదే పాట. వినీ వినీ విసుగెత్తిపోయింది నాకు.

అదే కొత్త బండి ఒక్కసారి మొరాయిస్తే చాలు, ఇంటిల్లిపాదీ నా మొహం వంక చూస్తారు. దాన్ని పట్టుబట్టి కొనిపించింది నేను మరి.

మాది జగదల్‌పూర్ వైపు అడవుల మధ్య, ఆవాపల్లిలో కిరాణా దుకాణం. దుకాణం మీద వచ్చేది ఇల్లు గడవడానికి సరిపోతుంది. అసలు వ్యాపారం వారానికోసారి పామేడు సంతలో. ఉప్పు, ఉల్లిగడ్డ, సబ్బులు, చెప్పులు, ప్లాస్టిక్ బిందెలు పికప్ బండిలో వేసుకుని తెల్లవారకముందే బయలుదేరతారు. తిరిగొచ్చేటప్పుడు కాలాన్ని బట్టి చింతపండో ఇప్పపువ్వో నింపుకొస్తారు. గోపీ నడుపుతాడు, పక్కన మంగల్ కూర్చుంటాడు. మంగల్ మా మామగారి కాలం నుంచి బండితో ఉన్న మనిషి. సరుకు ఎత్తేది దించేది అతనే, గోండీ భాషలో మాట్లాడి బేరం కుదిర్చేదీ అతనే. దారి ఇప్పుడు కాస్త బాగుపడింది. అక్కడక్కడా టవర్లు కూడా లేచాయి. అయినా మధ్యలో చాలా దూరం ఫోను మోగదు. సంత రోజు సాయంత్రం ఇక్కడ నాకు అన్నం సహించదు. వ్యాపారం పెరగాలని, మేడ కట్టాలని నేను ఎవరినీ అడగలేదు. చీకటి పడేలోగా ఆ మనిషి మా గేటు దగ్గర బండి దిగాలి. నాకు కావలసింది అదొక్కటే.

మామగారు నరసింహులు గారు నా పెళ్ళికి ముందే పోయారు. మలేరియా అని చెప్పారు. ఈ అడవుల్లో మలేరియాతో పోవడం వింత కాదు కాబట్టి నేనూ మరో మాట అడగలేదు. గోడ మీద ఆయన ఫొటో, వాకిట్లో ఆయన కొన్న బండి, ఈ రెండింటికీ ఇంట్లో ఒకటే మర్యాద.

ఆ బండి నూనె తాగేది. డీజిలు సంగతి కాదు నేను చెప్పేది, ఇంజన్ ఆయిల్ సంగతి. పామేడు వెళ్ళి వచ్చేసరికి లీటరు పైనే హరించుకుపోయేది. వెనకాల నీలం పొగ. ఆ పొగ కనపడగానే దారి పొడుగునా ఆడవాళ్ళు గంపలు ఎత్తుకుని రోడ్డు మీదికి వచ్చేవాళ్ళట, అదొక గొప్ప. వాకిట్లో నిలబెడితే కింద పాత పళ్ళెం ఒకటి ఎప్పుడూ పెట్టి ఉంచాలి. పెళ్ళైన కొత్తలో గోపీని అడిగాను, "దీని ఆయిల్ మార్చి ఎన్నాళ్ళయింది?" అని.

"మార్చుడెందుకు? వారం వారం కొత్తదే పోస్తున్నం గద" అన్నాడు.

నవ్వుతాడేమో అని చూశాను. నవ్వలేదు.

నేను పుట్టి పెరిగింది కిరండూల్‌లో. మా నాన్న ఇనుప గనిలో, డంపర్లు బాగుచేసే షెడ్డులో చేసి రిటైరయ్యారు. అక్కడ యంత్రం ఎన్ని గంటలు నడిచిందో చూసి, అది అడగకముందే నూనె మార్చేవారు. అన్నం తింటూ కూడా ఆయన మాకు చెప్పే కబుర్లు అవే. అలాంటి ఇంట్లో పెరిగి వచ్చి, వారం వారం లీటరు మింగే ఇంజన్ను ఇంట్లో పెద్దమనిషిలా చూసుకునే వాళ్ళ మధ్య పడ్డాను. నేను నోరెత్తితే చాలు, "కిరండూల్ పిల్ల మొదలుపెట్టింది" అని అత్తమ్మ ఆటపట్టించేది.

సంత పొద్దున మా వాకిట్లో ఒక తంతు నడిచేది. అత్తమ్మ తలస్నానం చేసి వచ్చేది. మంగల్ బానెట్ ఎత్తి పట్టుకునేవాడు. వంటింటి మూల మంచినూనె డబ్బా పక్కనే ఇంజన్ ఆయిల్ డబ్బా ఉండేది. దాన్ని తెచ్చి, నీళ్ళ సీసా కోసి చేసిన గరాటు పెట్టి ఆమే పోసేది. ఇంకొకళ్ళను ముట్టుకోనిచ్చేది కాదు. పోశాక బానెట్ దించి, దాని మీద చెయ్యి తుడిచేది. అక్కడ రంగు పోయి అరచేయంత మేర నల్లగా నున్నగా తేలింది. ఆ చెయ్యి పడితే గాని గోపీ తాళం తిప్పేవాడు కాదు. నేను వంటింట్లో అన్నం డబ్బాలు సర్దుతూ కిటికీలోంచి చూసేదాన్ని. అగరుబత్తి వెలిగించడం లాంటిదే ఇదీ అనుకుని ఊరుకునేదాన్ని.

ఒక వానాకాలంలో బండి మళ్ళీ "ఆగింది". గోపీ మర్నాడు మధ్యాహ్నానికి ఇల్లు చేరాడు. రాత్రంతా నేను ఎలా ఉన్నానో నాకే తెలుసు. వచ్చీ రాగానే అదే మాట, జరసేపు ఆగింది అని. "జరసేపంటే ఎంత సేపు? నా తాళి తెగేంత సేపా?" అని అరిచాను. అత్తమ్మ చటుక్కున లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాట అన్నందుకు ఆమెకు కోపం వచ్చిందనుకున్నాను. కోపం వస్తే రానీ అనుకున్నాను. కొత్త బండి వచ్చేదాకా నేను ఆ ఇంట్లో ఎవరినీ నిద్రపోనివ్వలేదు.

వచ్చింది. తెల్లటి బండి, చప్పుడు లేదు, పొగ లేదు, కింద పళ్ళెం అక్కర్లేదు. పాతదాన్ని అమ్ముదామంటే మాత్రం ఒక్కరూ ఒప్పుకోలేదు. "ఉండనీ, ఎప్పుడన్న పనికొస్తది" అని గోపీ రేకుల కింద పెట్టించాడు. కోళ్ళు దాని కింద గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. సరే, కోళ్ళకైనా సుఖం అనుకున్నాను.

బండి వచ్చిన రోజే ముగ్గురినీ వాకిట్లో నిలబెట్టి చెప్పాను. "దీని బానెట్ ఎవరూ ఎత్తకండి. నూనె సరిగ్గా ఎంత ఉండాలో అంతా పోసి ఇచ్చారు. ఇది తాగే బండి కాదు. వేళకు గీదంలో కంపెనీ షెడ్డుకు తీసుకెళ్తే వాళ్ళే మారుస్తారు. విన్నారా?"

"విన్నం" అంది అత్తమ్మ. "ఠీక్ హై దీదీ" అన్నాడు మంగల్. గోపీ తలూపాడు. మా ఇంట్లో ఎవరూ ఏ విషయమూ అంత తొందరగా ఒప్పుకున్నది లేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

కొన్ని వారాలు హాయిగా గడిచాయి. గోపీ ఎండ ఉండగానే ఇల్లు చేరేవాడు. నేను లోపల్లోపల పొంగిపోయాను. ఒకటే చికాకు, సంత మర్నాడు బండి కడగబోతే తెల్లటి బానెట్ మీద మసక మరక కనిపించేది. సబ్బు పెట్టి రుద్దితే గాని పోయేది కాదు. కోళ్ళను తిట్టాను. జిడ్డు చేతులతో తాకుతున్నాడని మంగల్‌ను తిట్టాను. అతను పాపం తన చేతులు ఒకసారి చూసుకుని బిందెలు సర్దుకోసాగాడు.

చింతపండు రోజుల్లో మొదలైంది గొడవ. నిండు లోడుతో వస్తుంటే స్టీరింగు వెనక పసుపు దీపం వెలిగిందట. బండి బలం తగ్గిపోయి, ఎంత తొక్కినా నడక నడకేనట. సైకిలు మీద పోయేవాడు దాటి వెళ్ళాడట. గోపీ చీకటి పడ్డాక వచ్చాడు. మర్నాడు గీదం తీసుకెళ్తే షెడ్డులో ఒక కుర్రాడు కంప్యూటర్ తగిలించి, పొగ గొట్టంలో ఉండే జల్లెడలో మసి పేరుకుందని చెప్పి, దాన్ని కాల్చి శుభ్రం చేసి పంపాడట. అప్పుడప్పుడూ కొంచెం వేగంగా నడపమన్నాడట.

"పామేడు తొవ్వల వేగంగ నడపాలంట" అని గోపీ అన్నం తింటూ నవ్వాడు. అత్తమ్మ నవ్వలేదు. "మసి లోపలెందుకు పెట్టుకుంటది? పాతది బయటికి ఊదేది, పీడ పోయేది" అంది.

ఇంకో సంత గడిచింది. ఆ పై సంతకు ఎర్ర దీపం వెలిగింది. ఈసారి వెనకాల తెల్లటి పొగ కూడా వచ్చింది. బాసాగూడకు ఇవతల బండి నిలిచిపోయింది. ఎవరిదో ట్రాక్టరు బతిమాలి దానికి కట్టుకుని లాక్కొచ్చారు. గేటు దగ్గర నిలబడి నిలబడి నా కాళ్ళు లాగేశాయి. ట్రాక్టరు చప్పుడు విని పరిగెత్తితే వెనకాల తాడుతో మా కొత్త బండి, దాంట్లో తల దించుకుని గోపీ. బతికి వచ్చాడన్న సంతోషం ఒక్క నిమిషం ఉంది. తర్వాత మాటలు మొదలయ్యాయి.

"దీన్ని నమ్ముకుంటే ఇట్లనే ఉంటది" అని అత్తమ్మ.

"పాతదైతే తీగె కట్టుకోని అయినా వస్తుండె దీదీ" అని మంగల్.

"ఇర్మె కూడ అదే అన్నది" అని గోపీ. ఇర్మె పామేడులో మాకు సరుకు పోగు చేసి పెట్టే ఆవిడ, ఆమె వాకిట్లోనే మా బండి ఆగుతుంది. "ఆ పొగ బండే తీసుకరా, అది ఏడున్నా చప్పుడుకు తెలుస్తది అన్నది. వచ్చే సంతకు పాతది తీస్త."

నాకు తల పగిలిపోయింది. పాతది ఎన్నిసార్లు ఆగిందో ఎవరికీ గుర్తులేదు. ఫ్యాను బెల్టు గుర్తులేదు, వాగు గుర్తులేదు, ఆ వానాకాలం రాత్రి గుర్తులేదు. అది ఇల్లు చేరడం ఒక్కటే గుర్తుంది. తాడు, తీగ, నూనె, నీళ్ళు, దారిలో నలుగురు మనుషులు, వీళ్ళంతా కలిసి మోసుకొస్తే వచ్చేది అది. కొత్తది రెండుసార్లు ఆగితే మాత్రం కథలు కథలుగా చెప్పుకుంటారు. ఇలా కాదని, మర్నాడు చల్లారి ఎలాగో కదిలిన ఆ బండిలో నేనే ఎక్కి కూర్చున్నాను. షెడ్డులో మెల్లగా అడిగితే పని జరగదు, అరవాలి. అరవడానికి ఈ ఇంట్లో నేను తప్ప ఎవరున్నారు?

గీదంలో షెడ్డు మేనేజరు చక్రధరరావు. మా కిరండూల్ నుంచే వచ్చి అక్కడ స్థిరపడ్డ తెలుగాయన, గట్టి గొంతు. నా గొంతు అంతకంటే గట్టిది. "మీరు అమ్మిన బండి నా మొగుణ్ణి రెండుసార్లు అడవిలో వదిలేసింది. మూడోసారికి ఎవరు జవాబు చెబుతారు? మీరా?" అని మొదలుపెట్టాను. పని చేసుకుంటున్న కుర్రాళ్ళంతా రెంచీలు పట్టుకుని చూస్తున్నారు. ఆయన నన్ను చివరిదాకా అరవనిచ్చాడు. తర్వాత బానెట్ ఎత్తించి, ఆయిల్ చూసే పుల్ల లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీసి నా ముక్కు కింద పెట్టాడు.

"ఇక్కడ రెండు గీతలున్నాయి, కనపడుతున్నాయా అమ్మా? నూనె ఈ రెండిటి మధ్యలో ఉండాలి. ఇదెక్కడుందో మీరే చూడండి."

పై గీత దాటి, ఇంకా పైకి, వేలెడు మేర నల్లగా తడిసి ఉంది.

"ఎవరు పోశారు?"

"ఎవరూ పోయలేదు. మా ఇంట్లో దీన్ని ఎవరూ ముట్టుకోరు" అన్నాను.

"మరి వానకు నిండిందా?" అన్నాడాయన. కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. "నూనె ఎక్కువైతే లోపల చిలికినట్టయి నురగ లేస్తుంది. గాలితో పాటు పైకి పోయి మండుతుంది. ఆ మసంతా వెళ్ళి జల్లెడలో కూర్చుంటుంది. అందుకే బండి తనంత తాను బలం తగ్గించుకుంది. ఇంకో రెండు సంతలు ఇట్లాగే నడిపితే ఇంజనే పోయేది. మొన్న మావాడు చూసుకోవాల్సింది, చూళ్ళేదు, అది మా తప్పే. కానీ పోసింది మాత్రం మేము కాదు."

వెనక్కి తిరిగి చూశాను. గోపీ గోడ మీది టైర్ల బొమ్మను దేవుడి పటంలా చూస్తున్నాడు. మంగల్ తలకు కట్టుకున్న తువ్వాలు విప్పి మళ్ళీ కడుతున్నాడు.

ఉన్న నూనె తీసేసి, కొలిచి కొత్తది పోసి, జల్లెడ శుభ్రం చేసి ఇచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. తిరుగు దారిలో బీజాపూర్ దగ్గర చాయ్ తాగుదామన్నాడు గోపీ. ఆపితే దిగి నడిచి పోతానన్నాను.

"ఎంత పోశావు?"

"ఎక్కువేం లేదు."

"ఎంత?"

"బాసాగూడల చాయ్ తాగేకాడ, కొద్దిగ. ముంగట చెడ్డ తొవ్వ ఉంటది గద అని."

"ప్రతి వారమా?"

"ప్రతి వారం కొద్దిగనే పోసిన."

మంగల్ గొంతు సవరించుకున్నాడు. "దీదీ, నేను పామేడుల పోసిన. వాపస్ వచ్చేటప్పుడు లోడు ఎక్కువుంటది గద. పాతదానికి అట్లనే పోస్తుంటిమి."

"గోపీ పోస్తున్నాడని నీకు తెలీదా?"

"బాబు చాయ్ తాగుతుండనుకున్న."

"మంగల్ పోస్తున్నాడని నీకు తెలీదా?"

"మంగలన్న ఇర్మె వాళ్ళ ఇంట్ల ముచ్చట పెడుతుండనుకున్న" అన్నాడు గోపీ.

రాత్రింబవళ్ళు ఒకే బండిలో తిరిగే ఇద్దరు మగవాళ్ళు, ఒకరికి తెలియకుండా ఒకరు, నాకు తెలియకుండా ఇద్దరూ, సీటు కింద చెరొక డబ్బా దాచుకుని పోస్తున్నారు. తిట్టడానికి కూడా ఓపిక లేకపోయింది.

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. నా మొహం చూసి, "ఏమన్నరు?" అంది.

"బండిలో లోపం ఏమీ లేదట. నూనె ఎక్కువైందట. వీళ్ళిద్దరూ దొంగచాటుగా పోస్తున్నారు అత్తమ్మా! వద్దని మొత్తుకుని చెప్పినా."

అత్తమ్మ చింతపండు మీంచి తల ఎత్తలేదు. "ఇద్దరేనా?" అంది.

అప్పుడు గుర్తొచ్చింది బానెట్ మీద మరక. ఎంత మేర ఉండేదో గుర్తొచ్చింది. కోళ్ళ కాలు అంత ఉండదు.

"మీరు కూడానా? నేను నిద్ర లేవకముందేనా?" అన్నాను. తర్వాత ఆగలేకపోయాను. "మీకు దండం పెడతాను, మీలో ఒక్కరికైనా ఒక్క మాట తలకెక్కదా? నేను ఏమైనా నా గొప్ప కోసం కొనమన్నానా ఈ బండి? మీ కొడుకు వేళకు ఇల్లు చేరాలని కదా కొనమన్నది! దాన్ని ముగ్గురూ కలిసి గొంతు దాకా నింపి చంపబోయారు. అది ఆగిపోతే మళ్ళీ నన్నే అంటారు. ఎందుకు పోశారు అత్తమ్మా? చెప్పండి, ఎందుకు?"

"నువ్వు ఎందుకు కొనమన్నవో నేను గందుకే పోసిన" అంది ఆమె.

చేతిలో ఉన్న చింతపండు పక్కన పెట్టి, నా వైపు కాకుండా గేటు వైపు చూస్తూ చెప్పింది.

"ఆయన పోయిన యేడు నేను చర్లకు పోయిన, మా చెల్లె కానుపుకు. సంత పొద్దున ఇంట్ల నేను లేను. నూనె ఎవరు పొయ్యలే. ఆయనకు బండి నడుపుడే గని బానెట్ ఎత్తుడు తెలుసా? తర్రెం దాటినంక ఇంజను పట్టేసింది. అప్పుడు తొవ్వ ఎక్కడిది, ఫోన్లు ఎక్కడియి? మనుషుల కోసం మంగల్‌ను నడిపిచ్చి తోలిండు. సరుకు విడిచిపెట్టి రానన్నడు. అండ్లనే పండుకున్నడు, వాన, దోమలు. ఇంటికైతే నడుచుకుంటనే వచ్చిండు. తర్వాత పట్టుకుంది జ్వరం. మెదడుకెక్కిందన్నరు. మళ్ళ లెవ్వలే."

మంగల్ వాకిట్లో బండి చాటున నిలబడిపోయాడు. గోపీ చెప్పులు విప్పుకుంటున్నవాడు అలాగే వంగి ఉండిపోయాడు.

"మలేరియా అన్నారు నాతో" అన్నాను.

"మలేరియానే. అండ్ల అబద్ధమేముంది?"

"ఏ బండి?" అని అడిగాను. అడుగుతుండగానే తెలిసిపోయింది నాకు.

అత్తమ్మ గడ్డం ఎత్తి రేకుల కిందికి చూపించింది. "ఇంకేది? జగదల్‌పూర్‌ల ఇంజను విప్పి బోరింగు చేయించి తెచ్చినం. అంతకుముందు కొద్దిగనే తాగేది, అప్పటి నుంచే అట్ల తాగుతది."

నేను ఆ పాత బండి వంక చూశాను. ఒక కోడి దాని టైరు పక్కన మట్టి తవ్వుకుంటోంది. బానెట్ మీద రంగు పోయిన అరచేయి అక్కడి నుంచే కనిపిస్తోంది.

"ఆ బండి... అది మనల్ని ఎన్నడూ మోసం చెయ్యలేదంటారా అత్తమ్మా?"

"అది చెయ్యలే" అంది ఆమె నెమ్మదిగా. "పొయ్యలే గనక ఆగింది. పోస్తే ఎందుకు ఆగుతది?"

నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. ఇన్నేళ్ళుగా ఈ ముగ్గురిలో ఒక్కరు కూడా నాకు చెప్పలేదు. చెబితే ఆ బండిని ఆ రోజే ఇనుప సామాను కింద తూకానికి వేసి ఉండేదాన్ని, అందుకే చెప్పలేదేమో. ప్రతి సంత పొద్దునా ఆమె ఆ బానెట్ మీద చెయ్యి పెట్టి ఏం అడిగేదో తెలియకుండా నేను కిటికీలోంచి చూస్తూ అన్నం సర్దుకున్నాను. ఆ రోజు తాళి మాట ఎవరి ముందు అన్నానో కూడా అప్పుడే తెలిసింది. నాకు నా మీద ఎంత అసహ్యం వేసిందో, నన్ను చీకట్లో ఉంచినందుకు వాళ్ళ మీద అంత మంట పుట్టింది. వంటింట్లోని ఆయిల్ డబ్బాతో పాటు బండి సీటు కింది రెండు డబ్బాలు కూడా తెచ్చి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఎంత జాలి పడ్డా, ఆ ఇంజను మాత్రం మళ్ళీ నిండకూడదు.

"ఇంక ముట్టుకోను లే" అంది అత్తమ్మ. ఆ మాట నిలబెట్టుకుంటుందని ఈసారి నాకు నమ్మకం కలిగింది. మునుపటిలా తొందరపడి విన్నం అనలేదు మరి.

తర్వాతి సంత పొద్దున అన్నం డబ్బాలు సర్దుతూ ఇంజను చప్పుడు కోసం చెవి పెట్టాను. ఎంతకీ వినపడలేదు. చప్పుడు లేని బండి కదా, వెళ్ళిపోయారేమో, అన్నం మరిచిపోయారేమో అని బయటికి పరిగెత్తాను. వెళ్ళలేదు. సరుకు ఎక్కింది, తాడు బిగించారు. గోపీ సీట్లో కూర్చుని తాళం చేతిలో పట్టుకున్నాడు. మంగల్ టైరును తన్ని చూస్తున్నాడు, ఒకే టైరును మళ్ళీ మళ్ళీ. అత్తమ్మ తలస్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని, వసారా మెట్టు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఇంకా బయలుదేరలేదేంటి?" అన్నాను.

"పోతం" అన్నాడు గోపీ. తాళం తిప్పలేదు.

"పొమ్మను వాణ్ణి, ఎండెక్కుతది" అంది అత్తమ్మ. మెట్టు మీంచి కదల్లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత ఖరీదు బండి, లోపల కంప్యూటర్, గీదంలో అరిచి బాగు చేయించుకొచ్చిన ఇంజను, అన్నీ ఉన్నాయి. ఒక్క ముసలావిడ చెయ్యి పడక అది వాకిట్లో ఆగింది. ఏ షెడ్డుకు తీసుకెళ్ళి చూపించను దీన్ని? గిరుక్కున తిరిగి వంటింట్లోకి వెళ్ళి, ఇత్తడి చెంబు నిండా నీళ్ళు ముంచుకొచ్చాను.

"అత్తమ్మా, ఇలా రండి."

"నేను ముట్టుకోనన్న గద."

"ముట్టుకోమనే పిలుస్తున్నాను, లేవండి."

నేనే బానెట్ ఎత్తాను. ఒక మూల తెల్ల డబ్బా, దానికి నీలం మూత. "ఇది ముందు అద్దం కడిగే నీళ్ళు. ఈ ఎర్ర దుమ్ముకు వారం వారం అయిపోతుంది, నిజంగానే అయిపోతుంది. నూనె తగ్గదు గాని ఇది తగ్గుతుంది. దీన్ని నింపడం ఇక మీ పని."

ఆమె అనుమానంగా లోపలికి చూసింది. "ఇది పొయ్యకపోతే బండి ఆగుతదా?"

ఆగుతుందని చెబితే సరిపోయేది. నోటిదాకా వచ్చింది. కానీ ఆ ఇంట్లో అలాంటి మాటలు చాలానే చెప్పుకున్నాం.

"ఆగదు అత్తమ్మా. కానీ దారి కనపడదు."

"తొవ్వ కనపడకపోతే ఆగవలసిందే గద" అంది ఆమె, నాకేమీ తెలియదన్నట్టు. చెంబు తీసుకుంది. చుక్క కింద పడకుండా, గరాటు లేకుండా పోసింది. బానెట్ తానే దించింది. తడి చెయ్యి దాని మీద తుడిచి, ఒక క్షణం అలాగే ఉంచింది. ఆ చెయ్యి తీసీ తియ్యకముందే గోపీ తాళం తిప్పాడు.

ఆ సాయంత్రం నేను గేటు దగ్గర నిలబడలేదు. ముందు వాకిలి ఊడ్చాను. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చాను. అత్తమ్మ గేటు పక్కన అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఆమె ముందున్న చేటలో తియ్యడానికి గింజలే లేవు. "చప్పుడన్న చెయ్యదు, దొంగ లెక్క వస్తది" అని దాన్ని ఒకసారి తిట్టింది. నేనూ తిట్టాను. పొద్దు ఇంకా చెట్ల మీద ఉండగానే మలుపులో తెల్లగా కనిపించింది. నా చేతిలో చీపురు ఎక్కడ పడేశానో నాకే తెలియదు.

గోపీ దిగాడు. సరుకు ఎంత అమ్మారని, చింతపండు ఎంత దొరికిందని అత్తమ్మ అడగలేదు. "నీళ్ళు సరిపోయినయారా?" అంది.

"మొత్తం అయిపోయినయమ్మా. ఒకటే దుమ్ము. నువ్వు పొయ్యకపోతే ఈ యాళకు వస్తుంటిమా?" అన్నాడు.

ఆమె తువ్వాలు తేవడానికి లోపలికి వెళ్ళింది. నేను బానెట్ ఎత్తి చూశాను. నీలం మూత కింద డబ్బా అంచు దాకా నిండి పొంగుతోంది. గోపీ వంక చూశాను. గోపీ మంగల్ వంక చూశాడు. "పామేడుల కొద్దిగ పోసిన దీదీ" అన్నాడు మంగల్. "బాసాగూడల నేను కొద్దిగ" అన్నాడు గోపీ. నోరు తెరిచాను, అరుద్దామని. లోపలి నుంచి అత్తమ్మ తువ్వాలు దులుపుతున్న చప్పుడు వినపడింది, నోరు మూసుకున్నాను. నీళ్ళు పొంగితే వచ్చే నష్టమేమీ లేదు.

వాళ్ళు సరుకు దించుతుంటే నేను తడిగుడ్డ తెచ్చుకున్నాను. తెల్లటి బండి పామేడు దాకా పోయి ఎర్రగా తిరిగొచ్చింది. పొద్దున తడిచెయ్యి పెట్టిన చోట దుమ్ము పట్టేసి, అయిదు వేళ్ళూ అచ్చుగా తేలాయి. గుడ్డ పిండి, ఆ చెయ్యి ఉన్నంత మేర వదిలేసి, మిగతా బానెట్ అంతా తుడిచాను.